అక్కకి శిక్షణ

ఆ వానాకాలం మా ఇంట్లో ఒక ‘ఏ’ ఉండేది, ఒక ‘సి’ ఉండేది. ‘ఏ’ నేను. ‘సి’ మా అక్క. ఇద్దరం ఒకే బడిలో టీచర్లం. నాది రెండో తరగతి, అక్కది మూడో తరగతి, మధ్యలో ఒక గోడ, ఆ గోడకి ఒక తలుపు. బోర్డు మీద రాసేటప్పుడు పిల్లలకి పూర్తిగా వీపు చూపించకూడదని, అరవాలనిపించినప్పుడే గొంతు తగ్గించాలని నాకు నేర్పింది అక్కే. గ్రేడ్ల జాబితాలో అలాంటి మనిషి పేరు పక్కన సి చూసి మొదట నాకు నవ్వొచ్చింది. టైపు కొట్టినవాళ్ళు ఎక్కడో పొరబడ్డారనుకున్నాను.

ఎవరూ పొరబడలేదు. ఆ ఏడు నుంచి జీతాలు పనితనాన్ని బట్టి అన్నారు. పనితనాన్ని మూడు గడుల్లో కొలిచారు. పిల్లల పరీక్ష మార్కులు ఒకటి, పరిశీలకుడు వచ్చి చూసిన పాఠం ఒకటి, టీచరు హాజరైన శిక్షణ గంటలు ఒకటి. ఏ వస్తే జీతం బాగా పెరుగుతుంది, బి వస్తే కొద్దిగా పెరుగుతుంది, సి వస్తే ఆ పెంపు ఆగిపోతుంది. వరసగా రెండుసార్లు సి వస్తే తరగతి తీసేసి, ఆఫీసులో జాబితాలు రాసే పనిలో కూర్చోబెడతారు. పెంపు ఆగడం అక్కకి పెద్ద విషయం కాదు. కానీ ఆమెకి రిటైర్మెంటు ఇంకా నాలుగేళ్ళుంది. బావ పోయిన వారానికే చాక్‌పీసు పట్టుకుని క్లాసులో నిలబడ్డ మనిషి. ఆ తర్వాతే మా ఇంటికొచ్చి ఉంటోంది. ఆమెని పిల్లల్లేని గదిలో నాలుగేళ్ళు కూర్చోబెడితే ఏమవుతుందో నాకు తెలుసు, తలుచుకుంటేనే ఒళ్ళు మండేది.

శిక్షణ గంటల గడిలో అక్కకి సున్నా. ఆ సున్నా ఎలా వచ్చిందో బడిలో అందరికీ తెలుసు. మేం పదిమందిమి. ఎవరు శిక్షణకి వెళ్ళినా వాళ్ళ క్లాసుని ఇంకొకరు చూడాలి. “నువ్వు వెళ్ళిరావే, నేను చూసుకుంటాలే” అనేది అక్క. మధ్య తలుపు బార్లా తెరిచి రెండు తరగతుల్నీ ఒక్క గొంతుతో నడిపేది. నా అరవై గంటలూ అలా వచ్చినవే. మిగిలిన ఎనిమిది మందివీ అలా వచ్చినవే. ఇంతా చేసి అక్కడ మేం నేర్చుకున్నదేమిటంటే, నడివయసు మనుషులం గుండ్రంగా నిలబడి, ఒకరికొకరం రబ్బరు బంతి విసురుకుంటూ, ఇష్టమైన రంగేదో చెప్పుకోవడం. నాది ఆకుపచ్చ అన్నాను. సర్టిఫికెట్ ఇచ్చారు.

వానలు మొదలైన వారంలో హెడ్మాస్టరు నన్ను గదికి పిలిచాడు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి, చెడ్డవాడు మాత్రం కాదు.

“సి వచ్చినవాళ్ళకి ఏ వచ్చినవాళ్ళు మెంటర్‌గా ఉండాలటమ్మా. ఆరు వారాలు దగ్గరుండి శిక్షణ ఇవ్వాలి. వారానికో ఫారం నింపాలి. ఆరో వారం పరిశీలకుడు మళ్ళీ వచ్చి పాఠం చూస్తాడు. చివర్లో ఆయన సంతకం, మీ సంతకం రెండూ ఉండాలి.”

“సార్, ఆవిడ మా అక్క.”

“నాకు తెలీదా? మరి బడి మొత్తానికి ఏ మీకొక్కరికే వచ్చింది. నన్నేం చెయ్యమంటారు?”

సాయంత్రం ఫారాల కట్ట తీసుకొచ్చి బల్ల మీద పెట్టాను. కుట్టుమిషన్లు బాగుచేసే మా ఆయన అప్పుడే కొట్టు నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. సంగతి విని అక్కడే నిలబడి పగలబడి నవ్వాడు.

“అంటే తాతకి దగ్గులు నేర్పమన్నారన్నమాట! వదినా, రేపట్నుంచి చెల్లెలికి నమస్తే టీచర్ అని చెప్పాలి నువ్వు.”

“నవ్వకయ్యా. ఏదీ, అదిలా ఇవ్వు” అని అక్క కళ్ళజోడు పెట్టుకుంది. “ఉపాధ్యాయురాలు చిరునవ్వుతో తరగతిలోకి ప్రవేశించారా? ప్రవేశించాను. అప్పటికే ఒకడు ముక్కులో బలపం ముక్క పెట్టుకుని కూర్చున్నాడు. ఆ నవ్వు అక్కడే పోయింది.”

“అక్కా, వేళాకోళం కాదు. ఇంకో సి వస్తే నీకు క్లాసుండదు.”

“వస్తే చూద్దాం. పోయినసారి ఏం రాశాడాయన? పాఠం పూర్తి కాలేదు అని. ఇరవై నిమిషాలు ఒక్క పిల్లాడి దగ్గరే ఉండిపోయానని. వాడికి అర్థం కాకుండా నాకు పాఠం పూర్తయితే ఏం లాభమే?”

ఆమెకి చెప్పడమంటే గోడకి చెప్పినట్టే. ఐదు వారాలు నేను ఫారాల్లో అబద్ధాలు రాశాను. ‘ఉపాధ్యాయురాలు ప్రశ్నల వేగం పెంచారు.’ ‘ఉపాధ్యాయురాలు సమయపాలన అలవరచుకుంటున్నారు.’ అక్క మాత్రం సాయంత్రమయ్యేసరికి మూడో తరగతి నోటుపుస్తకాలు ముందేసుకుని ఒకే తప్పు వైపు చూస్తూ కూర్చునేది. పిల్లలకి తీసివేతలు రావడం లేదు. ఒకరిద్దరు కాదు, సగానికి పైగా.

“వీళ్ళకి ఎక్కడో బెణికింది” అనేది. “కూడిక బానే చేస్తున్నారు. తీసివేత దగ్గరికి రాగానే అందరూ ఒకేలా కుంటుతున్నారు. ఎక్కడ బెణికిందో దొరకడం లేదు.”

నేను వినీ విననట్టు ఊరుకునేదాన్ని. నా బెంగ ఆ తీసివేతల మీద లేదు, ఆరో వారం మీద ఉంది.

ఇక్కడ నా ఏ గురించి చెప్పాలి. పోయినేడు పరిశీలకుడు నా పాఠం చూడ్డానికి వచ్చినప్పుడు ఏ ప్రశ్న అడిగినా క్లాసులో ముప్ఫై ఎనిమిది చేతులూ లేచాయి. నేను ఎవర్ని లేపితే వాళ్ళు టకటకా సరైన జవాబు చెప్పారు. ఆయన ముగ్ధుడైపోయాడు. అసలు విషయం ఏమిటంటే, జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి ఎత్తాలి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి ఎత్తాలి అని ముందురోజే పిల్లలకి చెప్పి ఉంచాను. వెనక కుర్చీలో కూర్చున్నవాడికి చేతులు కనిపిస్తాయి గానీ ఏ చెయ్యో పట్టదు. ఇది నేను కనిపెట్టింది కాదు. శిక్షణలో టీ తాగేటప్పుడు పక్క బడి టీచరు నా చెవిలో చెప్పింది. అరవై గంటల్లో నాకు పనికొచ్చిన ముక్క అదొక్కటే.

పరిశీలకుడు రావడానికి ముందురోజు ఆటల పీరియడ్‌లో హెడ్మాస్టరు అక్కని ఏదో పనికి పిలిచాడు. నేను మధ్య తలుపు తీసుకుని మూడో తరగతిలోకి వెళ్ళాను. అందరూ పోయినేడు నా పిల్లలే.

“రేపు ఒక సార్ వస్తారు. పోయినేడు ఆడాం, గుర్తుందా?”

“ఎడమ చెయ్యి ఆట!” అని ఎగిరారు.

“ష్. మీ టీచర్‌కి చెప్పకూడదు.”

“చెప్పం టీచర్!” అని ముప్ఫై ఎనిమిది మంది ముక్తకంఠంతో అన్నారు. మా అక్కతో అబద్ధమంటే ఏమిటో ఎరగని పిల్లలు. వాళ్ళ చేత ఆ పని మొదట చేయించింది నేనే. అప్పుడు నాకు సిగ్గు కూడా అనిపించలేదు. హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు ఎడతెగని వాన. పరిశీలకుడు తడిసిన గొడుగు గోడకి ఆనించి, ప్లాస్టిక్ ఫోల్డరు ఒళ్ళో పెట్టుకుని చివరి బెంచీ వెనక కూర్చున్నాడు. మెంటర్ని కాబట్టి పక్కనే నేను. అక్క చిరునవ్వుతో ప్రవేశించింది. అంతవరకు ఫారం ప్రకారమే జరిగింది. బోర్డు మీద పెద్ద అంకెలతో రాసింది. 402 లోంచి 178 తీసేస్తే ఎంత?

ముప్ఫై ఎనిమిది చేతులూ లేచాయి.

పరిశీలకుడి కలం కదిలింది. అక్క మాత్రం చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి ఆగిపోయింది. ముందురోజు దాకా సగం మందికి రాని లెక్క అది. ఒక వరస చూసింది. ఇంకో వరస చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది. నేను గొడుగు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆమెకి అర్థమైపోయింది. కుడి చెయ్యి ఎత్తిన ఒక్కర్ని లేపితే చాలు. ఒక్క జవాబు, తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. నలభై నిమిషాలు గడిస్తే నాలుగేళ్ళూ పిల్లల మధ్యే ఉంటుంది. లేపు అక్కా, లేపు అని లోపల్లోపల బతిమాలుకున్నాను.

“కుడి చెయ్యి ఎత్తినవాళ్ళు దించండి” అంది అక్క. “ఎడమ చెయ్యి ఎత్తినవాళ్ళు అలాగే ఉంచండి.”

ఇరవై నాలుగు చేతులు మిగిలాయి. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పరిశీలకుడు కలం ఆపాడు.

అక్క మొదటి బెంచీలో ఉన్న రెండు పిలకల పిల్లని బోర్డు దగ్గరికి పిలిచి చాక్‌పీసు చేతికిచ్చింది. ఆ పిల్ల మునివేళ్ళ మీద లేచి, నోటుపుస్తకంలో రోజూ తప్పు పడే పద్ధతిలోనే గబగబా చేసేసింది. 376.

“ఎలా చేశావో చెప్పమ్మా. తప్పొప్పులు తర్వాత.”

“రెండులోంచి ఎనిమిది పోదు టీచర్. అందుకని ఎనిమిదిలోంచి రెండు తీశా, ఆరు. సున్నాలోంచి ఏడు పోదు. ఏడులోంచి సున్నా తీశా, ఏడు. నాలుగులోంచి ఒకటి, మూడు.”

“పైకి కిందకి ఎలా పడితే అలా తీయొచ్చా?”

“ఎప్పుడైనా పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలి టీచర్. పోయినేడు మా టీచర్ చెప్పారు.” అని వెనక్కి తిరిగి, నేను ఎక్కడున్నానో వెతుక్కుని మరీ, నన్ను చూపించింది. నా మీద ప్రేమగానే చూపించింది.

నిజమే, నేనే చెప్పాను. రెండో తరగతి పరీక్షలో వచ్చే తీసివేతలన్నీ పై అంకె పెద్దది, కింది అంకె చిన్నది. పుల్లలు పేర్చి, కట్టలు విప్పి నేర్పడానికి వారాలు పడుతుంది. ‘పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్’ అంటే ఒక్క రోజులో వచ్చేస్తుంది. వచ్చేసింది. అందరికీ నూటికి నూరు. నా ఏ లో ఒక గడి ఆ మార్కులే. వీళ్ళకి ముందు ఏడు నా దగ్గర చదివినవాళ్ళూ అదే సూత్రం పట్టుకుని గోడ దాటి అక్క క్లాసుకి వెళ్ళారు. అక్కడ పై అంకె చిన్నదయ్యేసరికి చతికిలబడ్డారు. అక్క సి లో ఒక గడి ఆ మార్కులే. నన్ను ఎక్కించిన తప్పే ఆమెని దించిందని నాకు ఆ చివరి బెంచీ వెనక తెలిసింది.

అక్క మొహం వెలిగిపోయింది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు.

“అమ్మయ్య, దొరికింది!” అంది. “రండర్రా, అందరూ ముందుకి రండి.”

అలమరలోంచి పుల్లల కట్టలు తీసి నేల మీద పోసింది. తనూ నేల మీద కూర్చుంది. వంద పుల్లల కట్టలు నాలుగు, విడిగా రెండు పుల్లలు. “నువ్వు కొట్టువాడివి. నాకు నూట డెబ్భై ఎనిమిది పుల్లలు కావాలి. విడిగా రెండే ఉన్నాయి. పదుల కట్ట ఒక్కటీ లేదు. లేవని పంపేస్తావా? లేకపోతే నువ్వే నన్ను ఎదురు అడుగుతావా?” పిల్లలు ఫక్కున నవ్వారు. పిలకల పిల్ల వందల కట్ట తాడు విప్పింది. ఆ తర్వాత అరగంట ఆ గదిలో ఏ ప్రణాళికా లేదు. పుల్లలు విప్పడం, కట్టడం, తగువులాడుకోవడం, మధ్యమధ్య ఒక్కొక్కడు “ఓ!” అనడం. ఆ “ఓ” వినడానికే మేం ఈ ఉద్యోగంలో ఉన్నాం. గంట కొట్టకముందే పరిశీలకుడు గొడుగు తీసుకుని లేచాడు. వంగి చూస్తే ఫారంలో ఇంత రాసి ఉంది. ‘పాఠం ప్రణాళిక ప్రకారం జరగలేదు. పూర్తి కాలేదు.’

సాయంత్రం ఇంటికొచ్చాం. అక్క చెప్పులు విప్పి, తడిసిన సంచీ వంటింటి తలుపుకి తగిలించి అంది.

“నా గ్రేడు సంగతి నేను చూసుకునేదాన్ని కాదటే? తెలియనప్పుడు ఎలా దాక్కోవాలో నేర్పావా పిల్లలకి?”

“నీకోసమే కదక్కా.”

“నాకోసం నువ్వు అన్నం మానెయ్, ఉద్యోగం మానెయ్, నీ ఇష్టం. నా పిల్లల జోలికి రాకు.” గొంతు తగ్గించి అంది. గొంతు తగ్గిందంటే ఎంత కోపం వచ్చిందో నాకు తెలుసు. “రేపు పొద్దున్న ప్రార్థన అవగానే వచ్చి వాళ్ళకి చెప్పు.”

మా ఆయన ఇద్దరి మొహాలూ చూసి వరండాలోకి వెళ్ళిపోయాడు.

పొద్దున్నే మూడో తరగతి ముందు నిలబడ్డాను. పోయినేడు మీకు ఒక సూత్రం తప్పు చెప్పానని, ఆ ఆట కూడా నేర్పకుండా ఉండవలసిందని, తప్పు నాదని చెప్పాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. టీచర్లు తప్పు చేస్తారని వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు.

పిలకల పిల్ల లేచింది. “అయితే పోయినేడు వేసిన మార్కులు వెనక్కి తీసేసుకుంటారా టీచర్?”

“మీవి తీసుకోరు. తీసుకుంటే నావి తీసుకోవాలి” అన్నాను. అనేశాక, మాట నోటి నుంచి బయటికి వచ్చాక, అది చెయ్యాల్సిన పనే అని తోచింది.

నాలుగో రోజున పరిశీలకుడు హెడ్మాస్టరు గదిలో ఫారం నా ముందుకి జరిపాడు. చివరి వాక్యం ముందే అచ్చేసి ఉంది. ‘పూర్తి శిక్షణ ఇచ్చినప్పటికీ ఉపాధ్యాయురాలు మెరుగుపడలేదు.’ కింద ఆయన సంతకం ఉంది. పక్కన నాకోసం ఖాళీ.

“పెట్టనండీ” అన్నాను.

“మీ అక్కగారని మొహమాటపడుతున్నారు. అర్థం చేసుకోగలను. ఇది ఆఫీసు పని.”

“మొహమాటం కాదు. ఇందులో రాసింది అబద్ధం. ఆమెకి నేను శిక్షణ ఇవ్వలేదు, ఇచ్చేంత నాకు రాదు. ఆ పిల్లలకి తీసివేత చెడగొట్టింది నేను. పోయినేడు మీరు చూసిన నా పాఠంలో చేతులు సగం ఎడమ చేతులు. మీరు గమనించలేదు. ఆమె ఒక్క చూపులో గమనించింది.”

హెడ్మాస్టరు కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. పరిశీలకుడు ఫారంలో గడుల మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

“ఇవన్నీ రాయడానికి ఫారంలో గడి లేదమ్మా.”

“వెనకవైపు ఖాళీగానే ఉందిగా.”

“మీ ఏ పోతుంది. ఆలోచించుకోండి.”

“ఆలోచించే చెప్తున్నాను. పోనివ్వండి.”

ఫారం తిప్పి వెనక పేజీ నిండా రాశాను. సూత్రం గురించి రాశాను, ఎడమ చేతుల గురించి రాశాను, మా తొమ్మిదిమంది శిక్షణ గంటల్లో ఎన్నెన్ని గంటలు అక్క మా క్లాసులు చూసిందో తేదీలతో సహా హాజరు పుస్తకం తెప్పించి మరీ రాశాను. కింద నా సంతకం పెట్టాను. ముందువైపు ఖాళీ అలాగే ఉంచాను. బయటికొస్తుంటే, గుండె అంత తేలిగ్గా ఉండి ఎన్నాళ్ళయిందో అనిపించింది.

సాయంత్రం అక్క అడిగింది. “నన్ను ఉద్ధరించాలని రాశావా?”

“కాదు. నాకు ఒళ్ళు మండి రాశాను.”

“అలా అయితే సరే” అంది. “అక్షరదోషాలు లేకుండా రాశావా?” అని కూడా అడిగింది. నాలుగు రోజుల తర్వాత నాతో ఆమె నవ్వడం అప్పుడే.

వానలు తగ్గేలోపు నాకు ఉత్తర్వు వచ్చింది. ఏ తీసేసి సి వేశారు, మెంటర్ పని తీసేశారు. “ఇప్పుడు ఇల్లు సమానంగా ఉంది” అన్నాడు మా ఆయన. పెరగాల్సిన జీతం పెరగనందుకు అతనికీ బాధే, పైకి మాత్రం అనలేదు. అక్క ఫారానికి ఇంకా ఒక సంతకం తక్కువ. బి వచ్చిన మిగతా టీచర్లలో ఎవరు పెట్టినా చాలని ఆఫీసు సవరణ పంపింది. హెడ్మాస్టరు ఫారం పట్టుకుని గది గదికీ బయల్దేరాడు.

మొదట డ్రిల్లు మాస్టారు. “నా మోకాలి ఆపరేషనప్పుడు నెల రోజులు నా క్లాసు చూసిందండీ ఆవిడ. నేను దీనిమీద సంతకం పెట్టి ఇంటికెళ్తే మా ఆవిడ నన్ను లోపలికి రానిస్తుందా?” అని ఫారం వెనక్కిచ్చేశాడు. ఐదో తరగతి టీచరు వెనక పేజీ అంతా చదివి, అందులో తన పేరు పక్కన నలభై ఎనిమిది గంటలుండటం చూసి, మడిచి ఇచ్చేసింది. నేను భయపడింది ఒకటో తరగతి అమ్మాయి గురించి. కొత్తగా చేరింది, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ అమ్మాయి ఫారాన్ని రెండు రోజులు దగ్గర పెట్టుకుంది. మూడో రోజు స్టాఫ్‌రూంలో అందరి ముందూ హెడ్మాస్టరు చేతికిచ్చింది.

“పెట్టలేనండీ. కావాలంటే నాకూ సి వేసుకోండి” అంది.

ఎనిమిది గదులూ తిరిగి ఆ ఫారం అలాగే తిరిగొచ్చింది. ఆఫీసు నుంచి మాత్రం ఫోన్లు ఆగలేదు. ఒకరోజు రెండో పీరియడ్‌లో హెడ్మాస్టరు ఆ ఫారం పట్టుకుని, దీనికి సంజాయిషీ ఇమ్మని ఆఫీసు పంపిన మెమో చదివి వినిపించడానికి మూడో తరగతి గుమ్మం దగ్గరికి వచ్చాడు. మధ్య తలుపు తీసే ఉంది, నాకు అంతా కనిపిస్తోంది. అక్క నేల మీద కూర్చుని ఉంది. ఆమె చుట్టూ పుల్లలు, పిల్లలు. ఎవడో వెయ్యిలోంచి ఒకటి తీయడానికి కట్ట మీద కట్ట విప్పుకుంటూ పోతున్నాడు.

“అమ్మా, ఒక్క నిమిషం. ఆఫీసు నుంచి…” అన్నాడు హెడ్మాస్టరు.

అక్క తలెత్తలేదు.

“పాఠం జరుగుతోంది సార్. గంట కొట్టాక రండి.”

ఆయన ఫారం వైపు చూశాడు, నా వైపు చూశాడు, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. గంట కొట్టేదాకా వరండాలోనే నిలబడ్డాడు.